అచ్చియ్యమ్మ బొరియకు వెయ్యి చెవులు

ఒక పెద్ద అడవిలో, అంటే మొదట్నుంచీ అంత పెద్దదేం కాదు, చుట్టుపక్కల అడవులన్నీ చిక్కిపోయాక మిగిలినవాటిలో ఇదే పెద్దదైంది, అచ్చియ్యమ్మ అనే అలుగు ఉండేది. అలుగును చూడనివాళ్ళకు చెప్పాలంటే, ముక్కు దగ్గర్నుంచి తోక దాకా ఒంటినిండా గట్టి పెంకులు, ముందుకాళ్ళకు గునపాల్లాంటి గోళ్ళు. భయమేసినా, సిగ్గేసినా బంతిలా చుట్టుకుపోతుంది. ఎదుటివాళ్ళు విసుగెత్తి వెళ్ళిపోయేదాకా విప్పుకోదు.

అచ్చియ్యమ్మ వృత్తి బొరియలు తవ్వడం. ఎలాంటి బొరియలనుకున్నారు? నక్కలకూ, పాములకూ ఆచూకీ దొరకని బొరియలు. కుందేళ్ళూ, చిట్టెలుకలూ పిల్లల్ని కనే ముందు గుట్టుగా వచ్చి తవ్వించుకునేవి.

ఆ వృత్తికి కొన్ని కట్టుబాట్లున్నాయి. తవ్విన మట్టిని గుట్టగా పోయకూడదు, ఆకుదొప్పల్లో మోసుకెళ్ళి వాగులో కలిపెయ్యాలి. ఇల్లు అప్పగించాక తన చుట్టూ తాను మూడుసార్లు తిరిగి, వెనక్కి చూడకుండా నడిచి వచ్చెయ్యాలి. ఆ పైన ఆ చోటు మరిచిపోవాలి. ఎవరైనా అడిగితే "ఏ బొరియ?" అనాలి. వాళ్ళమ్మ దగ్గర అచ్చియ్యమ్మ ముందు నేర్చుకున్నది మరిచిపోవడం, తవ్వడం తర్వాత.

ఆమె తవ్విన ఇళ్ళలో మూడు తరాల కుందేళ్ళు ముసలివై, పళ్ళూడి, నిద్రలో పోయాయి. కుందేలు నిద్రలో పోవడమంటే మాటలా? అయినా ఒక్క కుందేలూ ఆమె పేరెత్తి మెచ్చుకోలేదు. మెచ్చుకోవాలంటే ముందు తనకో ఇల్లుందని చెప్పాలి. చెప్పిన మర్నాడు ఆ ఇంట్లో మెచ్చుకోవడానికి ఎవరూ ఉండరు.

అలా గుట్టుగా సాగిపోతున్న వ్యాపారానికి పిట్టగోడ వచ్చిపడింది.

అడవి మధ్యలో గోడలాగా నిలబడ్డ పొడుగాటి బండ ఒకటుంది. దానిమీద వందల గోరువంకలు బారులు తీరి కూచుంటాయి. నువ్వెళ్ళి ఒక గోరువంకకు నాలుగు మాటలు చెబితే చాలు, అది ఉన్నదున్నట్టు పక్కదానికి చెబుతుంది, అది ఆ పక్కదానికి. నీ దగ్గూ, నీ తుమ్మూ కూడా వదలకుండా అడవంతా వినిపిస్తాయి. నచ్చినవాళ్ళు తోక ఊపుతారు. "ఆమెకు నిన్న డెబ్బై తోకలొచ్చాయట" అని చెప్పుకుంటారు. నువ్వు చెప్పేవి రోజూ వింటామని పేరు నమోదు చేయించుకున్నవాళ్ళను చెవుల్లో లెక్కపెడతారు. మనిషికి రెండు చెవులన్నట్టే జంతువుకూ రెండు, కాబట్టి వినేవాళ్ళు యాభైమందే అయినా వంద చెవులని చెప్పుకోవచ్చు. అందులో తప్పుందని పిట్టగోడ మీద ఎవరూ అనుకోలేదు.

ఆ గోడ పుణ్యమా అని పందికొక్కు బుల్లిరాజు పెద్ద బొరియల కాంట్రాక్టరైపోయాడు. "రండి బాబూ రండి, ఆరు గదుల బొరియ, ఎండ తగిలే వరండా!" అని రోజుకు పదిసార్లు చెప్పించేవాడు. అతని బొరియలు మొదటి వానకే కూలిపోయేవి. కూలిన బొరియ చుట్టూ జనం మూగితే అది కూడా చెప్పించేవాడు. "మా బొరియ దగ్గర జనం చూడండి!"

మూడు వారాలపాటు అచ్చియ్యమ్మ గుమ్మం ఎవరూ తొక్కలేదు. గోళ్ళు పెరిగిపోయి నడుస్తుంటే కాళ్ళకు అడ్డం పడుతున్నాయి. పని లేని గోళ్ళను చూసుకుంటే ఆమెకు ఏడుపొచ్చేది. ఇలాగే ఉంటే ఈ విద్య నాతోనే పోతుంది కాబోలు అనుకుంది.

అలాంటప్పుడు వచ్చాడు మోహనరంగం.

మోహనరంగం ఊసరవెల్లి. చిన్న వ్యాపారాలను పిట్టగోడ మీద నిలబెట్టడం తన వృత్తి అని చెప్పాడు. మాట్లాడుతున్నంతసేపూ అతని ఒక కన్ను అచ్చియ్యమ్మ మీదుంటే రెండోది పిట్టగోడ వైపు తిరిగి ఉంది. రోజుకు దోసెడు చెదపురుగులిస్తే చాలన్నాడు.

"మీ దగ్గర సరుకుంది అచ్చియ్యమ్మగారూ, చాటింపే లేదు. మీ బొరియల ప్రత్యేకత ఏంటి?"

"ఎక్కడున్నాయో ఎవరికీ తెలీదు బాబూ."

మోహనరంగం ఆనందంతో ఆకుపచ్చ నుంచి పసుప్పచ్చకు మారాడు. "అద్భుతం! ఇంత రహస్యమైన బొరియ ఇంకెక్కడా లేదన్న సంగతి అడవిలో ప్రతి ఒక్కరికీ తెలియాలి."

ఆ మాటలో ఏదో తేడా ఉన్నట్టు అచ్చియ్యమ్మకు తోచింది. కానీ మూడు వారాలుగా పనిలేనివాళ్ళకు తోచినవన్నీ పైకి అనే ధైర్యం ఉండదు. సరేనంది.

మొదటిరోజు గోరువంక ఎదురుగా వచ్చి కూచుని "చెప్పండి" అనగానే అచ్చియ్యమ్మ సిగ్గేసి చుట్టుకుపోయింది. గోరువంక కదల్లేదు. అరగంటసేపు ఇద్దరూ అలాగే ఉన్నారు. తర్వాత గోరువంక ఎగిరిపోయి విన్నది విన్నట్టు చెప్పింది. అంటే అరగంటసేపు అడవంతటా గోరువంకలు నోళ్ళు తెరుచుకుని చప్పుడు చెయ్యకుండా నిలబడ్డాయి.

ఇరవై ఏడు తోకలొచ్చాయి.

"మౌనానికే ఇరవై ఏడు! మాట్లాడితే ఎన్నొస్తాయో ఊహించుకోండి" అన్నాడు మోహనరంగం.

మెల్లిగా అలవాటైంది. రోజూ పొద్దున "శుభోదయం" చెప్పింది. వానాకాలం బొరియను ఎలా కాపాడుకోవాలో ఐదు చిట్కాలు చెప్పింది, అందులో రెండు మోహనరంగం సొంతంగా కల్పించినవి. వారం తిరిగేసరికి తొంభై చెవులు పోగయ్యాయి. అయినా తవ్వమని అడిగినవాళ్ళు లేరు.

"నమ్మకం కుదరాలండీ. మీరు చెప్పుకుంటే ఎవరు నమ్ముతారు? మీ దగ్గర ఇల్లు తవ్వించుకున్నవాళ్ళు చెప్పాలి. ఈమధ్య ఎవరికి తవ్వారు?"

"ఏ బొరియ?" అంది అచ్చియ్యమ్మ, అలవాటుగా.

మోహనరంగం రెండు కళ్ళూ ఒకేసారి ఆమె వైపు తిప్పాడు. అలా తిప్పడం అతనికి చాలా అరుదు. "అచ్చియ్యమ్మగారూ, మీరు బాగుపడాలనుకుంటున్నారా, లేదా?"

చివరిగా తవ్వింది సూరమ్మ అనే కుందేలుకు. ఆ సంగతి ఇంకా పూర్తిగా మరిచిపోలేదు, ఎందుకంటే తర్వాత మరిచిపోవడానికి ఇంకో బొరియ రాలేదు. అచ్చియ్యమ్మ తల దించుకుని పేరు చెప్పేసింది. జీవితంలో మొదటిసారి కట్టుబాటు తప్పింది, ఆ రోజు ఆమెకు చీమలు కూడా రుచించలేదు.

సూరమ్మ నాలుగు పిల్లల తల్లి. ముందు చెవులు వెనక్కి మడిచేసి, "అమ్మో, మా ఇల్లెక్కడో నేను చెప్పను వదినా" అంది.

"ఎక్కడో చెప్పకండమ్మా, ఎంత బాగుందో చెప్పండి చాలు" అన్నాడు మోహనరంగం. గోరువంక మెడ చాచింది.

కొత్త ఇల్లు కట్టుకున్నావిణ్ణి ఇల్లెలా ఉందని అడిగితే ఆగుతుందా? సూరమ్మ మొదలుపెట్టింది. "ఏం చెప్పను, మా అచ్చియ్యమ్మ వదిన చేతి చలవ! ముందు గుమ్మం కలేపొద కిందుంది కదా, ఆ కాయలు కోసుకోవడానికి వచ్చినవాళ్ళకు కూడా కనపడదు. ఇహ వెనకదారంటారా, వాగొడ్డున ఎర్రరాయి కిందుందని ఎవరైనా అనుకుంటారా చెప్పండి! నేనూ, నా నలుగురు పిల్లలూ హాయిగా ఉన్నాం. మావాళ్ళు ఈమధ్య బాగా ఒళ్ళు చేశారు కూడానూ."

ఆపమందామని అచ్చియ్యమ్మ నోరు తెరిచింది. అప్పటికే గోరువంక ఎగిరిపోయింది. ఆమె నోరు మూసుకునేలోపు నూటయాభై తోకలొచ్చాయి. నూటయాభై తోకలు తనకోసం ఊగాయని వింటే, పాపం, ఆమెకూ కడుపు నిండినట్టయింది. ఇన్నేళ్ళలో ఆమెను మెచ్చుకున్న మొదటి మాటలవి. ఆ ఒక్కరోజుకు కట్టుబాట్ల సంగతి పక్కనపెట్టి, ఆ మాటల్నే గోరువంక చేత మూడుసార్లు చెప్పించుకుని వింది.

మిగతా కుందేళ్ళు కుళ్ళుకున్నాయి. "మా ఇంటి గురించి కూడా చెప్పించరాదూ" అని వరస కట్టాయి. మోహనరంగం పేర్లు రాసుకుని, వచ్చేవారం చూద్దామన్నాడు.

చెవులు మాత్రం ఆగలేదు. మూడొందలు, ఐదొందలు, ఎనిమిదొందలు. ప్రశ్నలు వచ్చిపడ్డాయి. నక్క సింగన్న అడిగినంత మర్యాదగా ఎవరూ అడగలేదు.

"అక్కా, మీ పనితనానికి జోహార్లు. లోపల ఒక మోస్తరు ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు పడతాడా?"

"అక్కా, ఆ నలుగురు పిల్లలూ ముందుగదిలో ఉంటారా, వెనకగదిలోనా? తెలుసుకుందామని."

అచ్చియ్యమ్మ భయపడింది. "ఇవన్నీ వీళ్ళకెందుకు బాబూ?"

"ఆసక్తండీ! వినేవాళ్ళు ప్రశ్న అడిగితే వెంటనే బదులివ్వాలి. లేకపోతే పొగరనుకుంటారు. వ్యాపారంలో మర్యాద ముఖ్యం."

ఆ మర్యాద కోసం అచ్చియ్యమ్మ గుమ్మం వెడల్పు చెప్పింది. వెనకదారి వంపులెన్నో చెప్పింది. ప్రతిసారీ "అడిగినందుకు ధన్యవాదాలు" అని కూడా కలిపింది.

"మన చెవుల్లో ఎక్కువ ఎవరివో లెక్క తీశాను" అన్నాడు మోహనరంగం ఒకరోజు. "నక్కలు, అడవిపిల్లులు, తోడేళ్ళు."

"వాళ్ళు బొరియలు తవ్వించుకోరు కదయ్యా!"

"పెద్దవర్గం అచ్చియ్యమ్మగారూ! పెద్దవర్గం మనల్ని వింటోంది!"

వింటున్నవాళ్ళలో కొండచిలువ భద్రయ్య కూడా ఉన్నాడు. కానీ పాములకు చెవులుండవు కనక లెక్కలోకి రాలేదు.

వెయ్యి చెవులు నిండిన రోజున మోహనరంగం ఎన్ని రంగులు మారాడో లెక్కలేదు. "వేడుక చెయ్యాలి. సూరమ్మగారి ఇంటి దగ్గర. అందరినీ పిలిచేశాను. చెవులన్నీ వచ్చి కళ్ళారా చూస్తాయి!"

"పిలిచేశావా?" అంది అచ్చియ్యమ్మ.

"రేపు పొద్దున్నే."

తెల్లారి ఆమె పరుగున వెళ్ళేసరికి సూరమ్మ ఇంటిముందు ముగ్గు పెట్టి ఉంది. కలేపొదకు పూలదండలు వేలాడుతున్నాయి. అడవి మొత్తంలో ఎవరికీ తెలియకూడని ఇల్లు పెళ్ళివారి ఇల్లయింది. దాని ముందు వరసలో, ఒకరినొకరు తోసుకోకుండా, మొహాలు కడుక్కుని నిలబడ్డారు వాళ్ళు.

వెయ్యి చెవులంటే ఎలా ఉంటాయో అని అచ్చియ్యమ్మ చాలాసార్లు ఊహించుకుంది. ఆ చెవుల కింద పళ్ళు కూడా ఉంటాయని ఎప్పుడూ తట్టలేదు.

వరసలో మొదట సింగన్న ఉన్నాడు. చేతులు జోడించి, "అక్కా, తమరి దయవల్ల పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టుకోలేదు. ఇక్కడే భోంచేద్దామని" అన్నాడు.

అచ్చియ్యమ్మకు చుట్టుకుపోవాలనిపించింది. ఒళ్ళు సగం వంగింది కూడా. తను చుట్టుకుంటే తనకేం కాదు, పెంకులున్నాయి. లోపలున్నవాళ్ళకు పెంకుల్లేవు. తన నోటితో కొలతలు చెప్పి, తన నోటితో ధన్యవాదాలు చెప్పి, పసిపిల్లల్ని వీళ్ళ ముందు పెట్టింది. ఇంత సిగ్గు ఆమె జన్మలో ఎరగదు.

ఆమె నిటారుగా లేచి నిలబడింది.

"ముందు నేను లోపలికెళ్ళాలి బాబూ. కట్టినామె ముందు అడుగు పెట్టాలి. అది మా వృత్తి ఆచారం."

అలాంటి ఆచారమేదీ లేదు. మోహనరంగం మురిసిపోయి, "ఆచారం! పిట్టా, విన్నావా? ఇది కూడా చెప్పు" అన్నాడు. నక్కలు మర్యాదగా పక్కకు జరిగాయి.

లోపల సూరమ్మ పిల్లల మొహాలు నాకి శుభ్రం చేస్తోంది. "వచ్చావా వదినా! బయట ఎంతమందొచ్చారు? చప్పుడు బాగా వినిపిస్తోంది."

"వచ్చినవాళ్ళెవరో చూశావా?"

"మనవాళ్ళే కదా?"

"ఒక్కరు కూడా మనవాళ్ళు కారే! అన్నీ నక్కలూ, తోడేళ్ళూను. పిల్లల్ని తీసుకుని నా వెనకాల ఉండు. ఒక్కమాట మాట్లాడకు."

సూరమ్మ వెనకదారి వైపు పరిగెత్తబోయింది. ఆ దారిలోంచి అప్పటికే ఒక బల్లపరుపు తల నెమ్మదిగా లోపలికి వస్తోంది.

"నమస్కారం" అన్నాడు కొండచిలువ భద్రయ్య. "మూడో వంపు కొంచెం ఇరుకు. మీరు చెప్పినదానికన్నా బెత్తెడు తక్కువుంది."

"మీకు చెవుల్లేవు కదయ్యా, ఎలా విన్నారు?" అంది అచ్చియ్యమ్మ.

"నేలకు కడుపానించి పడుకుంటే అన్నీ తెలుస్తాయమ్మా. తోకలు ఊపినా నేల అదురుతుంది."

అచ్చియ్యమ్మ ముందుకాళ్ళెత్తి వెనకదారి కప్పును ఒక్క పెట్టు పెట్టింది. తను కట్టిన కప్పు ఎక్కడ పట్టి ఉందో తనకు తెలుసు. మట్టి భళ్ళున జారి భద్రయ్యకూ వాళ్ళకూ మధ్య నిండిపోయింది. తర్వాత పక్కగోడ మీద పడి తవ్వడం మొదలుపెట్టింది. తవ్విన మట్టిని వెనక్కి, ముందు గుమ్మం వైపు తోసింది. గుమ్మం నిండుతూ వచ్చింది, కొత్తదారి సాగుతూ వచ్చింది. వారాల తరబడి పెరిగిపోయిన గోళ్ళు ఆ రోజు పనికొచ్చాయి.

బయట గరగరమని చప్పుడు వినిపించింది. గోరువంక ఆ గరగరను అందుకుంది. కాసేపట్లో అడవంతా ఒకటే గరగర.

"లోపల ఏం జరుగుతోంది?" అన్నాడు సింగన్న.

"ఎవరూ ఊహించని కానుక! మీకోసం ప్రత్యక్షంగా తవ్వి వినిపిస్తున్నారు" అన్నాడు మోహనరంగం. నక్కలు తోకలూపాయి. తోడేళ్ళు చప్పట్లు కొట్టాయి. పిట్టగోడ చరిత్రలో అన్ని తోకలు ఎవరికీ రాలేదు.

మధ్యాహ్నం దాటింది. గరగర దూరమై, దూరమై, ఆగిపోయింది. సింగన్నకు ఓపిక నశించి గుమ్మంలోని మట్టి తోడుకుంటూ లోపలికి దూరాడు. అటునుంచి భద్రయ్య కూడా మట్టిని నెట్టుకుంటూ వచ్చాడు. చీకటి గదిలో ఇద్దరి మొహాలూ తగిలాయి.

"కుందేలు మీరేనా?" అన్నాడు భద్రయ్య.

"కాదండీ. మీరు కాదా?" అన్నాడు సింగన్న.

ఆ సమయానికి వాగు అవతల రెల్లుదుబ్బుల్లో నేల కొంచెం పైకి లేచి, అందులోంచి మట్టి కొట్టుకుపోయిన పెంకులు కనపడ్డాయి. వెనకే ఐదు జతల చెవులు. అచ్చియ్యమ్మ గోళ్ళు రెండు విరిగిపోయాయి. అయినా పొద్దు గూకేలోపు ఇంకోచోట సూరమ్మకు ఇంకో ఇల్లు తవ్విపెట్టింది. మట్టిని దొప్పల్లో మోసి వాగులో కలిపింది.

"తప్పు నాది సూరమ్మా. నీ పేరు చెప్పకుండా ఉండాల్సింది" అంది.

"వాగింది నేను కదా వదినా" అంది సూరమ్మ. పిల్లల్ని లోపలికి పంపి, తనూ వెళ్ళిపోయింది.

అచ్చియ్యమ్మ తన చుట్టూ తాను మూడుసార్లు తిరిగింది. వెనక్కి చూడకుండా నడిచింది.

మర్నాడు పిట్టగోడ దద్దరిల్లింది. మోసపోయినవాళ్ళంతా తమ అభిప్రాయాలు చెప్పించారు.

"ఐదు తోకలకు అరతోక ఇస్తున్నాను" అంది సింగన్న గొంతు. "చెప్పింది ఒకటి, ఉన్నది ఒకటి. ఇల్లంతా వెతికాం, కుందేలన్న మాటే లేదు."

"ఒక్కపిల్ల కూడా దొరకలేదు. ఆమె దగ్గర ఎవరూ బొరియ తవ్వించుకోకండి" అన్నాయి తోడేళ్ళు.

"మూడో వంపు ఇరుకు" అన్నాడు భద్రయ్య. అరతోక ఇవ్వడానికి కూడా అతనికి మనసొప్పలేదు.

ఆ తిట్లన్నీ ఉన్నవున్నట్టు, ఒక్క దగ్గు కూడా వదలకుండా, అడవిలో మూలమూలకూ వెళ్ళాయి. మోహనరంగం బూడిదరంగుకు తిరిగి, "మీ పేరు మళ్ళీ ఎత్తలేమండీ, సర్వనాశనం" అని, పందికొక్కు బుల్లిరాజు దగ్గర పనికి కుదిరాడు. అచ్చియ్యమ్మ తన గుమ్మంలో బంతిలా చుట్టుకుని పడుకుంది. ఇక ఈ గోళ్ళతో ఎవరికీ పని లేదనుకుంది.

ఎవరో పెంకు మీద మెల్లిగా తట్టారు. విసుగెత్తి వెళ్ళిపోతారులే అనుకుంది. వెళ్ళలేదు. మళ్ళీ తట్టారు.

విప్పుకుని చూస్తే ఒక ముసలి చిట్టెలుక. దాని వెనక ఒక కుందేలు. దాని వెనక, పొదలమాటున, చూపు ఆనినంతమేర చిన్నచిన్న జంతువులు, ఒకదాన్నొకటి ఎరగనట్టు మొహాలు పెట్టుకుని.

"నక్కలు చెబితే విన్నామమ్మా" అంది ముసలి చిట్టెలుక. "ఇల్లంతా వెతికినా ఎవరూ దొరకలేదటగా?"

అచ్చియ్యమ్మ విరిగిన గోళ్ళ వైపు చూసుకుంది.

చిట్టెలుక దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి అడిగింది. "ఇంతకీ ఆ సూరమ్మ ఇప్పుడెక్కడుంది?"

పొదల్లో అలికిడి ఆగిపోయింది. అచ్చియ్యమ్మ నిజంగానే ఆలోచించింది. రెల్లుదుబ్బులు గుర్తొచ్చాయి, ఆ తర్వాత ఎంత వెతుక్కున్నా ఏమీ లేదు.

"ఏ సూరమ్మ?" అంది.

ముసలి చిట్టెలుక తల పంకించి, వెనకున్నవాళ్ళ వైపు తిరిగి ఒకసారి చూసింది. "మాకెప్పుడు తవ్వుతావమ్మా?" అని అడిగింది.

కాబట్టి చిన్న వ్యాపారులారా, మెచ్చుకునేవాళ్ళను పోగేసుకోవడానికి తంటాలు పడకండి, తగినవాళ్ళ చేత తిట్టించుకోండి చాలు.